గుండీ పేరు ముందు ఖాళీ

మొన్న మంగళవారం పొద్దున కార్ఖానా బస్తీ నుంచి టైలర్ మాస్టర్ కోడలు ఫోన్ చేసింది. "అక్కా, అబ్బా పోయిన్రు. నిద్రల్నే. తక్లీఫ్ ఏం పడలే," అంది. మామగారిని ఆమె అబ్బా అనే పిలుస్తుంది. ఏడుపు రావలసిన చోట నాకు ముందు సిగ్గు వచ్చింది. ఆయనకు నేనొక నిజం చెప్పాల్సి ఉంది. రెండేళ్లుగా రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ గడిపేశాను. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాస్టర్ దుకాణం పైన గదిలో నేను ఆరేళ్లు అద్దెకున్నాను. కింద ఆయన మిలిటరీ వాళ్ల యూనిఫాంలు కుట్టేవారు. యూనిఫాంలు చాలామంది కుడతారు. ఆయన పేరు మోగింది ఛాతీ మీది రిబ్బన్ పట్టీలకు. వచ్చిన పతకాలకు గుర్తుగా రంగురంగుల రిబ్బన్ ముక్కలు వరసగా కుట్టే పట్టీ అది. ఏ రంగు పక్కన ఏది రావాలో ఆయనకు నోటికి వచ్చు. అయినా ఏ పతకాలు వచ్చాయో రాసున్న కాగితం చూడనిదే సూది ఎత్తేవారు కాదు. "కాగజ్ తెచ్చిన్రా సార్?" అని అడిగాకే మెడలోంచి టేపు తీసేవారు.

ఒకసారి రిటైరైన ఒకాయన వచ్చి, కూతురి పెళ్లికి కొత్త పట్టీ కుట్టమన్నాడు. కాగితంలో నాలుగున్నాయి. ఆయన ఐదు కావాలన్నాడు.

"జెర ఒక్కటే కద మాస్టర్. పెండ్లిల గవన్ని ఎవరు చూస్తరు?"

"నేను చూస్తనే కద సార్," అన్నారు మాస్టర్ నెమ్మదిగా. "కుట్టేటోన్ని నేనే."

ఆ నాలుగే ముద్దుగా కుట్టిచ్చారు. మూలలు కుదరలేదని రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టారు. నేను మెట్ల మీద నిలబడి అంతా విన్నాను. విని కూడా బుద్ధి తెచ్చుకోని దాన్ని.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట బాగానే ఉంది, కర్ర సాయంతో నడిచేవారు కానీ కుడిచేతి వేళ్లు మొద్దుబారాయి. వేళ్లు ఆడిస్తూ ఉండమన్నాడు డాక్టరు. రబ్బరు బంతి పిసికి పిసికి ఆయనకు విసుగొచ్చింది. అప్పుడు నా పాత వీడియో గేమ్ తీసుకెళ్లి ఇచ్చాను, రెండు చేతుల్లో పట్టుకుని ఆడేది. అడవుల్లో తిరుగుతూ వింత జంతువులను పట్టి, పెంచి, పోటీలకు దింపే ఆట. "ఏందిది, పోరగాండ్ల ఆట నాకిస్తవా?" అని కసురుకున్నారు. వారం తిరక్కముందే మెట్ల దగ్గర నన్ను ఆపి, వానలో దొరికిందంటూ తాబేలు లాంటి ఒక గుండ్రటి జీవిని చూపించారు. దానికి గుండీ అని పేరు పెట్టారు. అచ్చం చొక్కా గుండీలాగే ఉండేది అది.

ఆ ఆటలో జంతువులకు బిరుదులు ఇస్తారు. చాలా దూరం నడిస్తే 'అలసిపోని', మూడుసార్లు ఓడి నాలుగోసారి గెలిస్తే 'పడి లేచిన', ఇలా పనికొక బిరుదు. కొత్తది వచ్చినప్పుడు తెర మీద పూలు రాలి బాజా మోగుతుంది. ఆ బాజా కోసం మాస్టర్ సౌండ్ చివరిదాకా పెంచేవారు, పై గదిలో నాకు కూడా వినపడేది. ఎన్ని సంపాదించినా పేరు ముందు ఒక్కటే పెట్టుకోవాలి. ఇష్టం లేకపోతే ఏదీ పెట్టకుండా వట్టి పేరుతోనూ పోటీకి దింపొచ్చు. ఇవన్నీ ఆయనకు ఒక్కసారి చెబితే చాలింది. "ఇది సుత మన పట్టీ లెక్కనే," అన్నారు.

రోజూ పొద్దున దినాన్ని బట్టి బిరుదు మార్చేవారు. కర్ర పట్టుకుని మసీదు దాకా నడిచి వచ్చిన రోజు 'అలసిపోని గుండీ'. చేతిలోంచి చాయ్ గ్లాసు జారి పగిలిన రోజు 'పడి లేచిన గుండీ'. అట్లా ఏడాదిలో ఐదు బిరుదులయ్యాయి.

ఆరోది మొండికేసింది. ముప్పై అంతస్తుల బురుజు ఒకటుంది. అంతస్తుకొక పోటీ, ఒక్కటీ ఓడకుండా పైదాకా వెళ్తే 'శిఖరం ఎక్కిన' అనే బిరుదు. ఆయన వేళ్లు సమయానికి కదలక పద్దెనిమిదో అంతస్తులోనో పంతొమ్మిదో అంతస్తులోనో ఓడిపోయేవారు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే కథ షురూ. "పంతొమ్మిది దాక వచ్చిండు బిడ్డా గుండీ. గంతల నా బొటనేలు మొరాయించింది." ఎనిమిది నెలలు ఇదే కథ. నేను ఫోన్ చూసుకుంటూ ఊ కొట్టేదాన్ని.

చార్జింగ్ ఆగడం లేదు, బాగుచేయించి తెస్తానని చెప్పి ఒకరోజు ఆ ఆటను ఆఫీసుకు పట్టుకెళ్లాను. ఇట్లాంటి వాటిలో చేయి తిరిగిన సహోద్యోగి ఒకడు దాన్ని లాప్‌టాప్‌కి తగిలించి, "ఒక్కటే కావాలా, అన్నీ పెట్టనా?" అన్నాడు. పెట్టేయమన్నాను. అరగంటలో గుండీ బిరుదులు ఐదు నుంచి ఇరవై రెండయ్యాయి. పెద్దాయన సంతోషిస్తారని చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి విసుగెత్తి చేశాను. ఆ బిరుదేదో వచ్చేస్తే సాయంత్రాలు ఆ కథ తప్పుతుందని చేశాను.

మాస్టర్ కళ్లద్దాలు పెట్టుకుని జాబితా మీద వేలు జరుపుతూ ఒక్కొక్కటే చదివారు. సగంలో వేలు ఆగింది.

"బిడ్డా, ఇది మంచుల దొరికినోళ్లకు ఇస్తరు కద. మన గుండీ దొరికింది వానల."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. "అప్‌డేట్ వచ్చింది మాస్టర్ సాబ్. పాతోళ్లందరికీ అన్నీ ఇచ్చిన్రు," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి నా ముఖంలోకి చూశారు. "గట్లనా. అందరికిచ్చిన్రా," అని, కోడలిని పిలిచి నాకు చాయ్ ఇమ్మన్నారు. ఆ చాయ్ ఎట్లా తాగానో నాకే తెలుసు.

ఆ తర్వాత గుండీ మాట ఆయన నోట రాలేదు. గండం గడిచిందనుకున్నాను. కొన్నాళ్లకు నేరేడ్‌మెట్‌కు మారిపోయాను. పండక్కి వెళ్తే మా అమ్మ మోకాళ్లు ఎట్లున్నయని అడిగేవారు, నా ఉద్యోగం అడిగేవారు. ఆట మానేశారనుకున్నాను. తీగ లాగితే డొంకంతా కదులుతుందని నేనూ అడగలేదు.

మూడో రోజు వెళ్తే కోడలు ఒక గుడ్డ సంచి నా చేతిలో పెట్టింది. ఆయన కుట్టిన సంచే, లోపల ఆట ఉంది. "మీకే ఇయ్యమన్నరు అక్కా. రోజు ఆడేటోళ్లు," అంది.

"రోజూనా?"

"మొన్న రంజాన్ ముందుగాల ఒక దినం నన్ను పిలిచిన్రు. ముప్పై ఎక్కిండు మన గుండీ, జెర ఆగు, ఇప్పుడు బాజా మోగుతది అన్నరు. ఇద్దరం చూస్తనే ఉన్నం. ఏం మోగలే. నాకు సమజ్ కాలే. 'ముందే ఇచ్చేసిన్రు కదరా, మళ్ల ఎందుకిస్తరు' అని నవ్విన్రు. ఎవరిచ్చిన్రు అబ్బా అంటే చెప్పలే."

తల కొట్టేసినట్టయింది. ఆమె ముందే ఏడ్చాను. మామగారి కోసమనుకుని ఆమె నన్ను ఓదార్చింది. అప్పుడు కూడా నోరు విప్పలేకపోయాను. ఇది చదివాక తనకూ తెలుస్తుంది.

ఇంటికొచ్చి ఆట తెరిచాను. బురుజు గుమ్మం దగ్గర బోర్డు మీద వరుస గెలుపులు ముప్పై అని ఉంది. ఆ వేళ్లతో ముప్పై. బిరుదుల పేజీలో ఇరవై రెండూ ఒకేలా మెరుస్తున్నాయి, ఆయన సంపాదించినవీ నేను అంటించినవీ. మాస్టర్ దేన్నీ ఎంచుకోలేదు. 'శిఖరం ఎక్కిన' మీదికి నా వేలు వెళ్లింది. అది ఆయన కష్టార్జితమే కదా, పేరు ముందు పెడదామనిపించింది. కానీ అక్కడ మెరుస్తున్నది నేను పెట్టించినది. ఆయన గెలుచుకున్నది ఆ పేజీలోకి రానేలేదు, దాని చోట నేను ముందే కూర్చున్నాను. వేలు వెనక్కి తీసుకున్నాను.

గుండీని బయటికి పిలిచాను. ఆటలో వాన పడుతోంది. సౌండ్ చివరిదాకా పెంచే ఉంది, ఆ వాన చప్పుడు గదంతా నిండింది. గుండీ తడుస్తూ నిలబడింది, పేరు ముందు ఏమీ లేకుండా.