వదిన నీళ్ళు తాగని ఉపవాసం

నలభై తొమ్మిదో ఏట నా ఒళ్ళు నాకే కొత్తగా తోచడం మొదలుపెట్టింది. నెలసరి ఆర్నెల్లు మానేసి, ఒకసారి వచ్చి, మళ్ళీ మాయమైంది. టెక్కలిలో తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెబుతూ ఉంటే ఉన్నట్టుండి మెడ నుంచి నెత్తి దాకా ఆవిరి ఎగదన్నేది. నాకు కోపం వచ్చిందనుకుని పిల్లలు గప్‌చుప్ అయిపోయేవారు. పోనీలే, అదీ ఒక లాభమే! నడుము మాత్రం రెండు జాకెట్లను దండగ చేసింది.

రోజుకు పదహారు గంటలు తినకుండా ఉండమని ఫోన్లో ఎవరో చెప్పారు. ముట్లుడిగే వయసు ఆడవాళ్ళకు ఒళ్ళు తగ్గుతుందట, షుగరు అదుపులో ఉంటుందట. ఆవిర్లు తగ్గుతాయా అంటే ఒకాయన అవునన్నాడు, ఒకావిడ తెలీదంది. వాళ్ళ గొడవ నాకెందుకు, నేనే చేసి చూద్దాం అనుకున్నాను. రాత్రి ఏడులోపు అన్నం ముగించి, మర్నాడు పదకొండుకు స్కూల్లో టిఫిన్ డబ్బా తెరిచేదాన్ని. పాత డైరీలో రాసుకున్నాను: నిద్ర కొంచెం మేలు, ఆవిర్లు ఎప్పటిలాగే, చిరాకు రెట్టింపు. మా ఆయన అది చదివి, "ఆ మూడోది రాసుకోడం ఎందుకే, నన్నడిగితే సెప్పీవోణ్ణి గదా" అన్నారు.

ఒక ఆదివారం ఉద్దానంలో అన్నయ్య ఇంటికి వెళ్ళినప్పుడు సరదాకి ఈ సంగతి వదినకు చెప్పాను. ఆమె పీట దగ్గరికి జరుపుకుంది. అన్నయ్యకు రెండేళ్ళుగా కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటాడు. తన కిడ్నీ ఇస్తానని వదిన పట్టుబట్టింది. రక్తం గ్రూపు కలిసింది గానీ, విశాఖ డాక్టరు ముందు బరువు తగ్గమన్నారు. ముట్లుడిగాక ఆమెకూ పొట్ట చుట్టూ ఒళ్ళు చేరింది. ఎంత నడిచినా కరగట్లేదు.

"పదారు గంటలేనా? కార్తీక సోమారాలు సుక్క పొడిసీ దాకా ఉండనేటమ్మా నాను! ఇదేటి లెక్క?" అంది.

నా ప్రయోగానికి రెండో మనిషి దొరికిందని సంబరపడ్డాను. నెలన్నరలో ఆమె నాలుగు కిలోలు తగ్గింది, నేను ఒకటిన్నర. కుళ్ళుకున్నాను కూడా. పిక్కలు పట్టేస్తున్నాయని, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయని ఆమె ఫోన్లో చెబితే, "ఈ వయసులో మామూలే వదినా" అనేశాను. ఎంత తెలివైనదాన్నో!

విశాఖ వెళ్ళేముందు పలాసలో రక్తపరీక్ష చేయించాం. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ ఉండాల్సిన దానికంటే పైన ఉంది. మా వైపు ఇంటింటా కిడ్నీ రోగులే, ఆ మాట తెలియని ముసలమ్మ లేదు. తనకూ ఆ జబ్బు వచ్చిందేమోనని వదిన అడగలేదు. "ఇంక నాది పనికిరాదేటి?" అంది.

రోజుకు నీళ్ళు ఎన్ని తాగుతున్నావని పలాస డాక్టరు అడిగారు. వదిన వింతగా చూసింది. "ఉపాసంలో నీలేటి బాబూ?"

ఉపవాసమంతా నా బల్ల మీద నీళ్ళ సీసా ఉండేది. ఆ సంగతి వేరే చెప్పాలని తోచనే లేదు. నోములూ వ్రతాలూ నమ్మకంగా చేసే మనిషికి ఉపవాసమంటే గుటక కూడా మింగకపోవడమని నాకు తెలియనిదా? పైగా జీవశాస్త్రం టీచర్ని! సిగ్గుతో చచ్చిపోయాను.

"ఒంట్లో నీరు తగ్గి ఈ అంకె పెరిగిందేమో, నిజంగానే కిడ్నీ దెబ్బతిందేమో ఇప్పుడే చెప్పలేను. ఉపవాసం ఆపి, నీళ్ళు తాగి, వారం పోయాక రండి" అన్నారు డాక్టరు.

ఆ వారం పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి ఆమె ప్రాణం తీశాను. రెండో పరీక్షలో అంకె ఉండాల్సిన చోటికి దిగింది. కిడ్నీ ఇచ్చే మాట ఇంకోసారి చూశాకే అన్నారు. ఆటోలో వస్తూ అడిగాను, తినే ఎనిమిది గంటల్లోనైనా తాగొచ్చు కదా వదినా అని. ఆమె జీడితోటల వైపు చూస్తూ చెప్పింది.

"మీ అన్నయ్యకి రోజుకి ఇన్నే నీలు తాగాలని కొలిసి సెప్పినారు గదమ్మా. గొంతు తడుపుకొని గలాసు కింద ఎట్టెత్తారు. ఆయనెదురుగా నాను సెంబెత్తి ఎలాగ తాగుతాను? ఈ వారమంతా పెరట్లోకెల్లి తాగినాను."

నేను దాచుకోలేకపోయాను. ఇంటికి రాగానే వరండాలో కూర్చున్న అన్నయ్యకు చెప్పేశాను. "ఊరుకోమ్మా" అని వదిన నా చెయ్యి లాగుతూనే ఉంది. "సెంబుతో నీలు తే" అన్నాడు అన్నయ్య, వదిన వైపు తిరిగి.

ఆమె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నాక్కాదే. కూకో. నా ముందర తాగు. అంతా తాగు."

వదిన కళ్ళు మూసుకుని చెంబెత్తింది. ఆమె మింగిన ప్రతి గుక్కకూ అన్నయ్య గొంతు కదిలింది.