దీపావళి దాకా వచ్చిన లెక్కలు

1966లో నాకు బోధన్ దగ్గరి ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు బదిలీ అయింది. నిజామాబాద్ పట్నంలో పుట్టి పెరిగినదాన్ని. చెరుకు నమలడమే తప్ప అది ఎప్పుడు నాటుతారో, ఎప్పుడు కొడతారో నాకు తెలియదు. ఊరికి రెండు మైళ్ల దూరంలో షుగర్ ఫ్యాక్టరీ ఉండేది. గాలి అటునుంచి వీస్తే బోర్డు ముందు నిలబడినా తీపి మాగిన వాసన వచ్చేది. నేను లెక్కల టీచర్ని. కోపం ముక్కు మీద, బెత్తం చేతిలో ఉండేవి. ఆ రెండూ ఉంటే లెక్కలు వాటంతటవే వస్తాయని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ఏడో తరగతి నాది. అందులో రెండు రకాల పిల్లలు. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతుల పిల్లలు కొందరు. వాళ్ల ఊళ్లను అక్కడ ‘క్యాంపు’ అంటారు కాబట్టి వాళ్లు క్యాంపు పిల్లలు. మిగతావాళ్లు ఊరి పిల్లలు, ఎకరం రెండెకరాలు చెరుకేసుకునే ఇళ్లవాళ్లు. ఆ బడిలో ‘ర్యాంకు సీటింగ్’ అని ఒక పద్ధతి నడిచేది. నెల నెలా పెట్టే టెస్టులో మార్కులు వచ్చినవాళ్లు ముందు బెంచీల మీద, రానివాళ్లు వెనక నేల మీద పరిచిన గోనెపట్టాల మీద కూర్చోవాలి. నేను వెళ్లేసరికే బెంచీలన్నీ క్యాంపు పిల్లలవి, నేలంతా ఊరి పిల్లలది. ఆ పద్ధతి నేను పెట్టింది కాదు కానీ, మార్చాలని కూడా నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే నాకు అది నచ్చింది. ఎవరు తెలివైనవాళ్లో గుమ్మంలో నుంచే కనిపించేది మరి!

ఏడో తరగతి చివర జిల్లా అంతటికీ ఒకే ‘కామన్ పరీక్ష’. పాసైతేనే ఎనిమిదికి పోతారు. ఎక్కువమంది ఫెయిలైతే బడికి చెడ్డపేరని, రానివాళ్లను అసలు పరీక్షకే పంపకుండా ఆపేవాళ్లు. దీనికి ‘డిటెన్షన్’ అని మర్యాదైన పేరు. జనవరి టెస్టు అయ్యాక హెడ్మాస్టరు గారు ఆ జాబితా అడిగారు. ఎర్ర సిరాతో పదకొండు పేర్లు రాశాను. మొదటి పేరు సాయవ్వ. పదకొండూ ఊరి పిల్లలవే. అది నాకు వింతగా కూడా అనిపించలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

జాబితా సంచిలోనే ఉంది. ఆ మరునాడు పరీక్ష కాగితాల పని మీద బోధన్ బస్సెక్కాను. ఫ్యాక్టరీ దగ్గర బస్సు ఆగిపోయింది. రోడ్డు పొడుగునా చెరుకు బండ్లే. కాంటా, అంటే బండితో సహా చెరుకు తూచే తూకం, ఎక్కడో గేటు లోపల ఉంది. బండ్ల తోక మా బస్సు దాకా వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఒక బండి నొగ మీద కూర్చుని నా సాయవ్వ కాళ్లూపుతోంది. పది రోజులుగా బడికి రాని పిల్ల.

నాకు ఒళ్లు మండింది. కండక్టరు వద్దంటున్నా వినకుండా దిగి వెళ్లాను.

"బడి ఎగ్గొట్టి గీడ కూసున్నవా? సిగ్గు లేదా?"

పిల్ల ఉలిక్కిపడి నిలబడింది. "బాపు చీటీ సూపియ్య గేటు కాడికి పోయిండు టీచరమ్మా. ఎడ్లు బెదుర్తయని నన్ను గీడ ఉండుమన్నడు."

"నీకు సమీకరణాలు రావు, నిష్పత్తులు రావు. పరీక్ష ఏం రాస్తవు?"

అది ఏడ్వలేదు. నా మొహంలోకి చూసి, "దీపావళి దాక చెప్పినయి అడుగుండ్రి టీచరమ్మా, చెప్తా," అంది.

రోడ్డు మీదే అడిగాను. భిన్నాలు అడిగాను, దశాంశాలు అడిగాను, క్షేత్రఫలం అడిగాను. నోటితోనే టకటకా చెప్పింది. ఆ తర్వాతి పాఠం అడిగితే తల అడ్డంగా ఊపింది.

"గది చెప్పినప్పుడు నేను లేను," అంది. అంతే.

ఆ సాయంత్రం హాజరు రిజిస్టరు, జవాబు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. పదకొండు మందివీ చూశాను. దీపావళికి ముందు చెప్పిన పాఠాల్లో వాళ్లకూ బెంచీల వాళ్లకూ పెద్ద తేడా లేదు. దీపావళి దాటగానే ఫ్యాక్టరీ మొదలవుతుంది, రిజిస్టరులో వాళ్ల వరసలన్నీ గైర్హాజరు గీతలే. చెరుకు ఎప్పుడు కొట్టాలో ఫ్యాక్టరీ ఒక చీటీ ఇస్తుంది, దాన్ని ‘కటింగ్ ఆర్డర్’ అంటారు. ఆ తేదీన కొట్టి, ఆరకముందే కాంటాకు చేర్చాలి. క్యాంపు రైతులకు నాందేడ్ వైపు నుంచి వచ్చే కోత ముఠాలు ఉన్నాయి. ఊరి రైతులు ఒకరి తోటకు ఒకరు సాయం పోతారు. పెద్దవాళ్లు కొడితే పిల్లలు ఆకు దూస్తారు, మోపులు అందిస్తారు, బండ్ల లైనులో ఎడ్ల దగ్గర కూర్చుంటారు. నేను తెలివిలో తేడా అనుకున్నది తేదీల్లో తేడా. నాలుగు నెలలుగా ఆ రిజిస్టరు రోజూ నా చేత్తోనే నింపుతున్నాను, ఒక్కసారి చదవలేదు.

మంచిదాన్నైపోవాలని తొందర పుట్టింది. రోజూ సాయంత్రం ‘స్పెషల్ క్లాసు’ అని ప్రకటించాను. మొదటి రోజు ఇద్దరు వచ్చారు, రెండో రోజు నేనూ బ్లాక్‌బోర్డూ. ఆదివారం పెట్టాను, అదీ అంతే. మళ్లీ కోపం వచ్చి సాయవ్వ ఇంటికే వెళ్లాను. దాని తండ్రి నర్సయ్య నన్ను మంచం మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తాను గడప పక్కన కూర్చున్నాడు.

"జర్ర కోపం తగ్గించుకొని ఇనుండ్రి టీచరమ్మా. మాపటికి మేం బండ్లు నింపుతం. ఆయితారం ఫ్యాక్టరీ బందు ఉండదు. పిల్లలు ఊకె కూసునేది ఒక్క లైన్లనే. పొద్దుగాల బండి వెట్టినమంటే పగలు రెండు మూడు దాటినంకగని నంబరు రాదు. ఎప్పుడు వీలైతదని మీరు అడుగనే లేదు గద."

"లైన్ల చదువు చెప్పుమంటవా?"

"నేనెట్ల చెప్తనమ్మా, మీరు చదువుకున్నోళ్లు," అని నవ్వాడు. నవ్వు ఆపి, "పరీక్షకే పంపకపోతే గీ పిల్లను ఇంక బడికి పంప. ఆడిపిల్ల, చెరుకులకన్న వస్తది. కని గదానికి బడంటే పానం," అన్నాడు. తలుపు చాటున సాయవ్వ మా మాటలు వింటోంది.

మర్నాడు హెడ్మాస్టరు గారి ముందు నిలబడ్డాను. ఆయన హైదరాబాదులో ఉర్దూలో చదువుకున్న పెద్దమనిషి, నవ్వకుండా నవ్వించేవారు. అంతా విని, "ఏమమ్మా, బడిని బండెక్కిస్తనంటరు?" అన్నారు. తర్వాత నా టైంటేబుల్ తీసి లెక్కల పీరియడ్లన్నీ పొద్దుటికి జరిపారు. "పదకొండు గంటల నుంచి మీరు డ్యూటీ మీదనే ఉన్నట్టు. ఎవరన్న అడిగితే నేను జవాబు చెప్పుకుంట. జాబితా ఫిబ్రవరి ఆఖరుదాక నాకు అందనట్టే." ఆ కాలంలో ఒక హెడ్మాస్టరు అంత మాట అనడం చిన్న విషయం కాదు. ఆ రుణం నాకు ఇప్పటికీ గుర్తే.

అట్లా బండ్ల పక్క పలకల మీద సుద్దముక్కతో సమీకరణాలు మొదలయ్యాయి. లైను కదిలితే క్లాసు కూడా కదిలేది. పిల్లలు ఎడ్లను నాలుగడుగులు తోలి మళ్లీ వచ్చి కూర్చునేవాళ్లు. నిష్పత్తులు చెప్పడానికి చెరుకు గడ కన్నా మంచి సాధనం నాకు ఏ ట్రైనింగ్ కాలేజీలోనూ చూపించలేదు. కాకపోతే పాఠం అయ్యాక సాధనం మిగిలేది కాదు, తినేసేవాళ్లు. పక్క బండ్ల రైతులు మొదట నవ్వారు. వారం తిరిగేసరికి, "టీచరమ్మ వచ్చింది, పొరగాండ్లను ముందటికి పంపుండ్రి," అని వాళ్లే కేకలేసి మా పిల్లల ఎడ్లకు కాపలా కాసేవాళ్లు. పోయేటప్పుడు నడిచి పోయినా, వచ్చేటప్పుడు ఖాళీ బండి ఎవరిదో ఒకరిది నాకోసం ఆగేది.

మరి మిగతా సబ్జెక్టులు? అక్కడ అనసూయ చెయ్యి వేసింది. క్యాంపు పిల్ల, మొదటి బెంచీ, మొదటి ర్యాంకు. ఒకరోజు క్లాసు అయ్యాక నా దగ్గరికి వచ్చి, "టీచర్ గారండీ, ఏ రోజు పాఠం ఆ రోజు నేను ఇంకో కాపీ రాసిస్తానండి. పట్టుకెళ్లి వాళ్లకివ్వండి," అంది. దాన్ని చూసి ఇంకో నలుగురు మొదలుపెట్టారు. ఆ వారమే నేను ర్యాంకు సీటింగ్ తీసేశాను. బెంచీల మీద ఒక క్యాంపు పిల్ల, ఒక ఊరి పిల్ల. బెంచీలు చాలకపోతే వంతుల వారీగా అందరూ నేల మీద. ఒకరిద్దరు క్యాంపు పెద్దలు గొణిగారు, హెడ్మాస్టరు గారు వాళ్లకు చాయ్ తాగించి పంపారు.

ఫిబ్రవరి ఆఖరున జాబితా తీసి పదకొండు పేర్లూ కొట్టేశాను.

అంతా బాగుందనుకునే సరికి, పరీక్షలకు వారం ముందు సాయవ్వ మొహం వేలాడేసుకుని వచ్చింది. వాళ్ల మిగిలిన ఎకరానికి కటింగ్ ఆర్డర్ సరిగ్గా పరీక్షల రోజులకే పడింది. ఎండలు ముదిరితే నిలబడ్డ చెరుకు బరువు తగ్గుతుంది, అందుకే ఏ రైతూ తన తేదీ వదులుకోడు. నర్సయ్యను అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఏమని అడగను? అనసూయ అది విని ఇంటికి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే వాళ్ల నాన్న సైకిలు మీద బడికి వచ్చారు.

"మా తేదీ ఎల్లుండే టీచర్ గారూ. అది నర్సయ్యకిచ్చి అతని తేదీ మేం తీసుకుంటాం. ఫ్యాక్టరీ ఫీల్డ్‌మ్యాన్‌తో మాట్లాడొచ్చాను. మా ముఠాని కూడా పంపుతాను, ఒక్క రోజులో అయిపోద్ది."

"మీ చెరుకు ఎండుతుంది కదండీ," అన్నాను.

"కొంచెం ఎండుద్ది. మా అమ్మాయి రాత్రి అన్నం తినలేదండీ," అన్నారాయన.

లేచి నమస్కారం పెట్టాను.

పదకొండు మందీ పరీక్ష రాశారు. తొమ్మిది మంది పాసయ్యారు. సాయవ్వ పాసైంది, లెక్కల్లో అనసూయ కన్నా కొంచెమే వెనక. ఫెయిలైన ఇద్దరూ మరుసటి ఏడు మళ్లీ నా క్లాసులోనే కూర్చుని గట్టెక్కారు. ఆ ఇద్దరినీ ఆపకుండా పంపినందుకు నేనెప్పుడూ బాధపడలేదు.

ఆ ఏడు దసరా సెలవులు అయిపోయిన మొదటి రోజు, ఎనిమిదిలోనూ నా దగ్గరే లెక్కలు నేర్చుకుంటున్న సాయవ్వ స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. చేతిలో మడతపెట్టిన చీటీ.

"బాపుకు కటింగ్ ఆర్డరు వచ్చింది టీచరమ్మా. గీ తారీఖు నుంచి నేను లైన్ల ఉంట. మీరు పాఠం ఎక్కడిదాక చెప్తరో జర్ర సూసుకోండ్రి."

దాని వెనక ఇంకో ఆరుగురు, తలా ఒక చీటీతో.

ఆ తర్వాత ఆ బడిలో ఉన్నన్నాళ్లూ నేను ‘లెసన్ ప్లాన్’, అంటే ఏ వారం ఏ పాఠమో రాసుకునే పుస్తకం, ఆ చీటీలు చూశాకే రాసుకున్నాను. కష్టమైన పాఠాలు దీపావళికి ముందుకు జరిగాయి. బెత్తం ఎక్కడ పెట్టానో గుర్తులేదు. వెనకబడ్డ పిల్లను చూస్తే ఎందుకు రాదని అడగడం మానేసి, పాఠం చెప్పిన రోజు ఎక్కడున్నావని అడగడం నేర్చుకున్నాను. ఆ ప్రశ్న నాకు నేర్పింది బండి నొగ మీద కూర్చుని కాళ్లూపిన పిల్ల. తిట్టడానికి బస్సు దిగినదాన్ని, దానికి నేను ఎప్పటికీ రుణపడే ఉన్నాను.