గుర్రం మీద నా వంతు

మా ఇంట్లో ఒకప్పుడు గుర్రం ఉండేదంటే ఎవరూ నమ్మరు. పైగా నవ్వుతారు. నవ్వుకోండి. గుర్రం ఉందా లేదా అన్నది కాదు నా గొడవ. ఇంట్లో ఉన్నది నలుగురం, గుర్రం ఒకటి. నాన్నకు వంతు ఉంది, అమ్మకు వంతు ఉంది, అన్నయ్యకు వంతు ఉంది. నాది ఎక్కడికి పోయింది? ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

చల్లపల్లికి కాస్త ఇవతల, కాలవగట్టు మీద ఊరు మాది. నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. అమ్మ పక్క ఊళ్లో మిషన్ బడి టీచరు. డెబ్బైల్లో ఆ గట్టు మీదికి బస్సు రాదు. వానాకాలంలో సైకిలు ఎక్కేది కాదు, భుజాన ఎక్కించుకునేది. అలాంటి రోజుల్లో నాన్న ఏదో పనిమీద బెజవాడ వెళ్లి, గుర్రంతో తిరిగొచ్చాడు.

వన్ టౌన్‌లో బ్యాండుమేళం నడిపే ఒకాయన ఇచ్చాడట. పెళ్లికొడుకులను ఊరేగించడమే దాని ఉద్యోగం. పెళ్లికొడుకులంతా పూలు కట్టిన అంబాసిడర్ కార్లకు మరిగాక దానికి పని పోయింది. ఎప్పుడో దాని డెక్క పుండు మాన్పాడన్న అభిమానంతో ఆయన నాన్నకు ఊరికే అప్పగించాడు. "మంచి నడకండీ కాంపౌండరు గారూ, చంటిపిల్లలు కూడా ఎక్కొచ్చు" అన్నాడట. అబద్ధం కాదు. ఆ నడక ఎలా పుడుతుందో మాత్రం చెప్పలేదు.

ముందు డప్పు మోగితేనే అది అడుగు వేస్తుంది. నాన్న బెజవాడ నుంచి దారిపొడుగునా క్యారేజీ గిన్నె మీద గరిటెతో వాయిస్తూ, దాని ముందు నడిచి వచ్చాడు. నాన్న వాయింపుకు అది నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి చూసేది. ఉయ్యూరులో జనం ఖాళీ జీను చూసి, పెళ్లికొడుకు పారిపోయాడనుకుని నాన్నకు మజ్జిగ పోసి ఓదార్చారట. నున్నగా గీయించుకుని వెళ్లిన మనిషి గడ్డంతో ఇల్లు చేరాడు.

మా ఇంట్లో దానికి నచ్చేలా వాయించగలిగింది నేనొక్కదాన్నే. బిస్కెట్ల రేకు డబ్బా మెడలో వేలాడదీసుకుని, రెండు పుల్లలతో రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ వేశానంటే, మెడ వంచి రాజాలా నడిచేది. నా కర్మ అక్కడే కాలింది. తెల్లారగానే నాన్న ఎక్కేవాడు, ముందు నేను డబ్బాతో. బడివేళకు అమ్మ గొడుగు వేసుకుని, పక్కవాటుగా కూర్చునేది, ముందు నేను డబ్బాతో. సాయంత్రం అన్నయ్య బెల్‌బాటమ్ వేసుకుని, జేబులో దువ్వెనతో ఎక్కేవాడు, ముందు మళ్లీ నేనే.

"నా వంతెప్పుడు?" అని అడిగితే ముగ్గురిదీ ఒకటే పాట.

"నువ్వెక్కితే వాయించేదెవరమ్మా?"

ఇదెక్కడి న్యాయమండీ? చేతకానివాళ్లు పైన, చేతనైనది కింద!

దానికి ఇంకో అలవాటు కూడా ఉండేది. గుమ్మంలో ఆడమనిషి పళ్లెం పట్టుకుని కనిపిస్తే ఆగిపోయేది. ఊరేగింపులో హారతి పట్టేది అలాగే కదా. మా ఊరి ఆడవాళ్లు పొద్దున్నే గుమ్మాల్లో చేటలతో బియ్యం చెరుగుతారు. చేటకీ పళ్లేనికీ దానికి తేడా ఏం తెలుసు? ప్రతి గుమ్మం ముందూ నిలబడి తల వంచేది, వాళ్లు దాని నుదుటిని ముట్టుకునేదాకా కదిలేది కాదు. దూడ అడ్డం తిరిగింది రమ్మని ఒకసారి కబురొస్తే, మేం చేరేసరికి ఆ దూడ పుట్టి, పెరిగి, గట్టు మీద మాకే ఎదురొచ్చింది. ఆ ఆలస్యానికి కూడా తిట్లు నాకే. నేను గట్టిగా వాయించలేదట!

మట్టల ఆదివారం దగ్గరపడింది. ఆ రోజు తాటిమట్టలు, ఈతమట్టలు పట్టుకుని పాటలు పాడుతూ ఊరంతా తిరిగి చర్చికి వెళ్తాం. ప్రభువు గాడిదనెక్కి వచ్చాడు కాబట్టి, ముందు కాంపౌండరు గారి గుర్రం నడిస్తే బాగుంటుందని పాస్టరు గారు అడిగారు. నాన్న ఉబ్బిపోయాడు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను.

"నేనెక్కుతా నాన్నా."

"సరే, నువ్వే."

అమ్మ విన్నది. అన్నయ్య విన్నాడు. నేను తలంటుకుని, జడకు కనకాంబరాలు పెట్టించుకుని చర్చి ముందుకు వెళ్లేసరికి గుర్రం మీద ఎవరున్నారు? అన్నయ్య! జుట్టు దువ్వుకుంటూ!

"నాన్నా, నాకు చెప్పావుగా?"

నాన్న నా మొహం చూడలేదు. పక్కనున్న చర్చి సంఘపెద్ద అందుకున్నాడు. "ఆడపిల్ల గుర్రమెక్కితే ఏం బావుంటుందమ్మా?"

"అమ్మ రోజూ ఎక్కట్లా?"

"అమ్మ ఉద్యోగానికెళ్తోంది."

"నేనూ ఉద్యోగమే చేస్తున్నా. జీతం లేదు, వంతూ లేదు!"

మట్టలు పట్టుకున్నవాళ్లంతా నవ్వారు. అన్నయ్య పైనుంచి, "ఇంక వాయించవే, ఎండెక్కుతోంది" అన్నాడు. జీనుకు వేలాడుతున్న డబ్బా తగిలించుకున్నాను. వాయించాను. ఎన్నడూ వాయించనంత బాగా వాయించాను. గుర్రం మెడ వంచి బయల్దేరింది. వెనక పాట అందుకున్నారు.

కాలవ వంతెన నడిమధ్యకు రాగానే ఆగి, పుల్లలు రెండూ నీళ్లలోకి విసిరేశాను.

గుర్రం ఆగిపోయింది. వెనక సంఘం ఆగిపోయింది. అవతలినుంచి గడ్డిబండ్లు రెండొచ్చి అవీ ఆగిపోయాయి. అన్నయ్య మడమలతో పొడిచాడు. సంఘపెద్ద కళ్లెం పట్టి లాగాడు. నలుగురు మగాళ్లు వెనకనుంచి తోశారు. అది ఆవలించింది.

"వాయించవే తల్లీ" అన్నాడు నాన్న.

"నా వంతు."

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"ఇంటికెలా వెళ్తావ్?"

బండివాడు అరిచాడు. "ఏవండోయ్, ఆ పిల్లని ఎక్కించెయ్యండి బాబూ, ఎడ్లు నిలబడలేకపోతన్నయ్!"

అప్పుడు కదిలింది అమ్మ. గొడుగు ముడిచింది. "దిగరా" అంది అన్నయ్యతో. బడిలో వాడే గొంతు అది. దిగాడు. నన్ను చంకల కింద పట్టి ఆవిడే ఎత్తి కూర్చోబెట్టింది.

మరి వాయించేదెవరు? అందరూ నాన్న వైపు చూశారు. నాన్న నా మెడలోంచి డబ్బా తీసి తన మెడలో వేసుకున్నాడు. పుల్లలు కాలవలో పోయాయి కాబట్టి, రెండు ఈతమట్టలు విరిచి, ఆకు దూసి వాయించాడు. గుర్రం నాలుగడుగులు వేసి, ఆగి, తల తిప్పి నా వంక చూసింది.

"రెండు చిన్నవి, ఒక పెద్దది, నాన్నా!" అని పైనుంచి అరిచాను. "పెద్దది తొందరపడకు!"

చెమటలు కక్కుతూ లెక్క పెట్టుకున్నాడు పాపం. రెండు చిన్నవి, ఒక పెద్దది. గుర్రం చెవులు నిక్కించింది. మెడ వంచింది. కదిలింది.

గుర్రం మీదనుంచి మా ఊరు ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. ప్రహరీల మీదనుంచి అందరి పెరళ్లూ కనిపిస్తాయి. ఇన్నాళ్లూ ఇవన్నీ ముగ్గురూ చూస్తూ నాకు ఒక్క ముక్క చెప్పలేదు! మళ్లీ మండింది. గుమ్మం గుమ్మానికీ గుర్రం ఆగి తల వంచుతుంటే, ఒక ముసలమ్మ చేట దించి నాన్నను అడిగింది. "ఎవరిదయ్యా కాంపౌండరూ, ఊరేగింపు?"

"మా అమ్మాయిదండీ" అన్నాడు నాన్న, వాయింపు ఆపకుండా. "దాని వంతు."

ఆరోజు పాస్టరు గారు వినయం మీద ప్రసంగించారు. నా వంకే చూస్తూ! ఇన్నాళ్లూ పైన కూర్చున్న ముగ్గురూ అదే బెంచీ మీద నా పక్కనే ఉన్నారు. వాళ్లవంక ఒక్కసారైనా చూడాలా వద్దా?

ప్రార్థన ముగిసీ ముగియకముందే బయటికి పరిగెత్తి, అరుగు మీదనుంచి గుర్రం ఎక్కేశాను. అన్నయ్య వచ్చి కళ్లెం పట్టుకున్నాడు.

"దిగవే, నీ వంతయిపోయింది."

"రావడమే అయింది. పోవడం ఉంది" అన్నాను.

వాడు నాన్న వైపు తిరిగాడు. నాన్న అప్పటికే డబ్బా మెడలో వేసుకుంటున్నాడు.