అమ్మ కోసం అట్టిపెట్టిన దారి

మా ములాఖత్ ఆఫీసులో ఆమెను అందరూ లైనమ్మ అనేవారు. లైను పని చూసేది కాబట్టి ఆ పేరు. నేను అక్కడ అటెండర్ని. వచ్చినవాళ్లని వరసలో కూర్చోబెట్టడం, పిలిచి గదిలోకి పంపడం, టైము అయ్యాక లేపడం నా ఉద్యోగం. ఏడుస్తున్న మనిషిని కుర్చీలోంచి లేపడం ఎంత పాడు పనో చేసినవాడికే తెలుస్తుంది.

జైలు కొండ అవతల ఉంది. జబ్బుపడ్డ ఖైదీలను ఇటు తీసుకురారు, వాళ్ల ఇళ్లలోని ముసలీ ముతకా అంత దూరం పోలేరు. అందుకని ఊళ్లో ఈ ఆఫీసు పెట్టారు. మూడు అద్దాల గదులు, గదికో తెర, ఒక కెమెరా, ఒక రిసీవరు. అటువైపు జైలు ఆస్పత్రిలో ఖైదీ కూర్చుంటాడు, ఇటువైపు ఇంటివాళ్లు. మధ్యలో ఒకే ఒక్క లైను. జైలు ఆఫీసు ఫోన్లూ, కాగితాల స్కాన్లూ కూడా దాని మీదే పోవాలి.

అది ఏటీఎం లైను అని ఆమె మొదటిసారి చెప్పినప్పుడు, జైలుకీ డబ్బులు తీసే మెషీనుకీ ఏం సంబంధమమ్మా అన్నాను. పగలబడి నవ్వింది. నవ్వడం అయ్యాక ఓపిగ్గా చెప్పింది. ఇది వేరే ఏటీఎం, అసింక్రనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్. మాటైనా బొమ్మైనా కాగితమైనా ముందు అన్నిటినీ ఒకే కొలత ముక్కలుగా కోసేస్తుంది. ఒక్కో ముక్క యాభై మూడు బైట్లు. తల దగ్గర అయిదు బైట్లలో ఏ దారిన పోవాలో నంబరు, మిగతా నలభై ఎనిమిదిలో సరుకు. ఆ ముక్కనే సెల్ అంటారు. పాత పద్ధతిలో ఒక్కొక్కరికీ వంతు కట్టేవారట, వాళ్లు నోరు మూసుకుని కూర్చుంటే ఆ వంతు వృథా. ఇందులో వంతుల్లేవు. ఎవరి ముక్క తయారుగా ఉంటే వాళ్లది ఎక్కుతుంది, తల మీద నంబరుంది కనక తప్పిపోదు. ముక్కలు అంత చిన్నవెందుకంటే, పెద్ద ఫైలు వెనక మనిషి మాట నిలబడిపోకూడదని. మరి నలభై ఎనిమిదే ఎందుకని అడిగాను. ఒక పక్షం అరవై నాలుగు కావాలంది, ఇంకో పక్షం ముప్ఫై రెండు చాలంది, మధ్యలో తెగ్గొట్టారు, ఇద్దరికీ ఏడుపే అని చెప్పింది. అన్నదమ్ముల పంపకాల్లో కూడా అంతేగా అనుకున్నాను.

ఆ లైనులో ఆమెకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. మాట మొదలుకాకముందే అది దారి వేసుకుంటుంది. నాకు ఇంత కావాలి అని అడిగితే, దారిలోని స్విచ్చులు, అంటే ముక్కల్ని దారి మళ్లించే పెట్టెలు, తమ దగ్గర అంత చోటు ఉందో లేదో చూసుకుంటాయి. ఉంటే ఇస్తాయి, ఇచ్చాక చివరిదాకా ఆ మాట మీద నిలబడతాయి. లేకపోతే కుండ బద్దలు కొట్టినట్టు లేదంటాయి. మనుషులకన్నా నయం, నీళ్లు నమలవు అనేది లైనమ్మ.

ఇది కాక మిగులు తరగతి అని ఇంకోటుంది. అందులోకి ఎవరొచ్చినా రమ్మంటారు, హామీ మాత్రం ఏదీ ఉండదు. చోటుంటే ముక్కలు పోతాయి, రద్దీ వస్తే ముందు పారేసేది వాటినే. పారేసినవాటిని లైను మళ్లీ పంపదు, పారేశానని చెప్పదు కూడా. మా దగ్గర మాటకు హామీ ఉన్న దారి ఇచ్చారు, బొమ్మను మిగుల్లో పడేశారు. గొంతు వినబడితే చాలు కదా అని పైవాళ్లు పెట్టిన రూలు. జైలు ఆఫీసు కాగితాలు పంపే వేళ తెర మీద మొహాలు గళ్లుగళ్లుగా చెదిరిపోయేవి, గొంతు మాత్రం నిక్షేపంగా వినబడేది.

చెవులు పనిచెయ్యనివాళ్లు కూడా వస్తారని ఆ మహానుభావులకు తట్టలేదు. లైనమ్మ తల్లికి వినబడదు.

ఆవిడకు పుట్టు చెవుడు కాదు, వయసుతో వచ్చింది. పిల్లలిద్దరి పెదవులూ చూసి మాట పట్టుకునేది. కూతురు లైనమ్మ, ఆమె తర్వాత కొడుకు. ఆ కొడుకు చేతిలో ఒక కొట్లాటలో మనిషి పోయాడు, వాడికి జైలు పడింది. ఆ సంగతి తెలిసి అక్కకు వచ్చిన సంబంధాలన్నీ మొహం చాటేశాయి. పీడా పోయింది బాబాయ్ అనేది నాతో. అందులో సగమే నిజమని నాకు తెలుసు. మేడ మీద రెండు గదుల్లో తల్లీ కూతురూ ఉండేవారు.

కొడుక్కి ఊపిరితిత్తులు చెడి జైలు ఆస్పత్రిలో చేర్చాక, తల్లి ప్రతి వారం ములాఖత్‌కి రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు తెర చూసి, వీడి మొహం గళ్ల దుప్పటిలా ఉందేమిటే అని కూతుర్ని కసిరింది. పెదవులు కంటికి ఆనడం లేదు. అందుకని లైనమ్మే రిసీవరు పట్టుకుని, తమ్ముడి మాట విని అమ్మకు పెదవులతో చెప్పేది, అమ్మ మాట తమ్ముడికి చెప్పేది. అమ్మ మాట్లాడుతున్నప్పుడు రిసీవరు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టేది. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు.

రూలు ప్రకారం నా బల్ల మీద కూడా ఒక రిసీవరు ఉంటుంది, జరిగే మాటలు వినాలి. ఒక రోజు వాడు చెప్పింది నేను విన్నాను.

"డాక్టరు ఇంక లాభం లేదన్నాడక్కా. అమ్మకి మెల్లిగా చెప్పు."

టైము అయ్యి బయటికొచ్చిన తల్లి మొహం వెలిగిపోతోంది. మా వాడు బాగా తింటున్నాడంట, ఎండలు తగ్గాక ఇంటికి వచ్చేస్తాడంట అని నాకూ, హాల్లో ఉన్న అందరికీ చెప్పుకుంది. నేను లైనమ్మ వైపు చూశాను. ఆమె తలదించుకుని తల్లికి చెప్పులు అందించింది.

వారం వారం ఇదే తంతు. ఆవిడ కొడుకు కోసం ముందుగది ఖాళీ చేయించింది, కిటికీ పక్కకి మంచం వేయించింది. అటు వాడు చెప్పావా అక్కా అని అడిగేవాడు, ఈమె చెప్పాను అనేది. ఇద్దరికీ అబద్ధమే. అమ్మ సంబరం తమ్ముడి చెవిన పడకుండానే రిసీవరుకు ఆ అరచెయ్యి అని అప్పుడు అర్థమైంది. నాకు ఒళ్లు మండేది, కానీ పరాయివాణ్ని, ఏం చెప్పను? ఒక రోజు రద్దీ తగ్గి బొమ్మ కాసేపు కుదురుగా నిలిచింది. తల్లి తెరలో కొడుకుని చూసి ముసిముసిగా నవ్వుతోంది. వాడు ఆ నవ్వు చూశాడు.

"తెలిసి కూడా అమ్మ నవ్వుతోందేంటక్కా?" అన్నాడు.

లైనమ్మ మాట మార్చి, మందులేసుకున్నావా అని వాణ్ని అడిగింది.

మరుసటి వారం ఆమె పొద్దున్నే వచ్చి, మొదటి గదిలో బొమ్మకు కూడా హామీ దారి వేసింది. అధికారిని అడగలేదు. అడిగినా ఒప్పుకునేవాడు కాదు. ఈరోజు నేనే అమ్మకి చెప్పేస్తాను బాబాయ్, వాడి మొహం ఎదురుగా ఉన్నప్పుడే తెలియాలి అమ్మకి అంది.

తెర మీద వాడి మొహం మొదటిసారి పూర్తిగా కనబడింది. చెక్కిళ్లు లోపలికి పోయాయి. తల్లి నవ్వు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే మూడో గదిలో గొడవ మొదలైంది. అక్కడ బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన ఉన్నాడు, ఆయన భార్య కూడా ఖైదీయే, ఆ జైలు ఆస్పత్రిలోనే ఉంది. ఆయనకు లైను కలవడం లేదు. బొమ్మకు అట్టిపెట్టిన చోటు పోగా, ఆయన మాటకు కావలసినంత మిగల్లేదు. స్విచ్చు లేదనేసింది. నేను వెళ్లి మొదటి గది అద్దం కొట్టాను. లైనమ్మ బయటికి వచ్చింది.

"మీ చోటు మా అమ్మకి ఇచ్చానండీ. తప్పు నాదే. ఇప్పుడు తెంచలేను," అని ఆయన ముఖానే చెప్పింది.

ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టడా మరి? ఆమె కదలకుండా నిలబడి అన్నీ పడింది. నాకూ ఆమె మీద కోపమే వచ్చింది. ఆ కోపంతోనే నా బల్ల దగ్గరకు తిరిగొచ్చి రిసీవరు తీశాను.

లోపల తల్లి ఒక్కతే ఉంది. తమ్ముడికి అక్క కనబడలేదు, అమ్మ మొహం మాత్రం స్పష్టంగా కనబడుతోంది. ఆవిడకు అన్నీ తెలుసనే వాడి నమ్మకం. అక్క అక్కర్లేదనుకున్నాడేమో, పెదవులు బాగా కదిలిస్తూ నెమ్మదిగా మాట్లాడాడు.

"పోయాక నన్నిక్కడ వదిలెయ్యకమ్మా. ఇంటికి తీసుకెళ్లు."

లైనమ్మ లోపలికి వచ్చేసరికి తల్లి లేచి నిలబడి ఉంది.

"ఇన్నాళ్లూ వీడు చెప్తున్నది ఇదేనా?" అంది.

లైనమ్మ తలూపింది. ఆమె రిసీవరు తియ్యబోతే తల్లి లాక్కుంది. తనకు వినబడదని తెలిసినా చెవికి ఆనించుకుని, తెర వైపు తిరిగి, నాకు ఇప్పుడే తెలిసిందిరా నాన్నా అంది. ఆ తర్వాత ఇద్దరూ ఏడుస్తూనే మాట్లాడుకున్నారు. లైనమ్మ గోడకు ఆనుకుని నిలబడింది, అటువైపు నుంచి గానీ ఇటువైపు నుంచి గానీ ఆమెను ఎవరూ పిలవలేదు. టైము అయినా నేను లేపలేదు. డ్రైవరు గారికి లైను కలిసేసరికి అటు టైము అయిపోయి ఆయన భార్యను మళ్లీ వార్డులో మంచం మీదికి చేర్చేశారు. ఆయన మాట్లాడకుండానే వెళ్లిపోయాడు.

ఇంకో ములాఖత్ రాకముందే తమ్ముడు పోయాడు. కిటికీ పక్కన వేసిన ఆ మంచం మీదే వాణ్ని తెచ్చి పడుకోబెట్టారు. నేనూ వెళ్లాను. తల్లి నాతో ఒకే మాట అంది, నా కొడుకు చావు బతుకుల మధ్య ఉంటే ఇది నన్ను నవ్విస్తూ కూర్చోబెట్టింది అని. ఆఫీసులో లైనమ్మకు మెమో ఇచ్చారు, బొమ్మను మళ్లీ మిగుల్లోకి తోసేశారు. ఆమె సంతకం పెట్టి తన పని తాను చేసుకుంటోంది.

మొన్న ఉండబట్టలేక అడిగాను, అమ్మ నీతో మాట్లాడుతోందా అని.

"మాట్లాడుతుంది బాబాయ్. తలుపెయ్యి అంటుంది, మందులివ్వు అంటుంది. నేను నోరు తెరిస్తే మాత్రం కళ్లు మూసుకుంటుంది."