సేవ్ నొక్కని తాతయ్య

తాతయ్య ఏడాది తద్దినం నాడు మా చుట్టాలందరి ముందూ నా పరువు ఎలా గంగలో కలిసిందో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా పెదనాన్నకు మాత్రం మళ్లీ గుర్తుచేయకండి.

మా తాతయ్య ఇక్కడే మలేషియాలో, హుటాన్ మెలింటాంగ్ ఊళ్లో చేపల పడవల మీద పనిచేశాడు. జీవితంలో కోటు ముట్టుకోలేదు. అయినా మా వాళ్లలో గోడమీద పటం ఎక్కాలంటే కోటూ టైయూ ఉండాల్సిందే! పూర్వం స్టూడియోవాళ్లు అతికించేవారు. ఈసారి ఆ పని నా టాబ్లెట్ మీద పడింది.

"మంచి కోటు తొడుగు నాన్నా. ఆయన పటానికి దండెయ్యాలని ఏడాది బట్టి సూస్తన్నాను," అంది మామ్మ.

తొడిగాను. పెళ్లికొడుకులా కుదిరాడు. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? సరదాకి నల్ల కళ్లద్దాలు పెట్టి, ఎర్ర మోటారుసైకిలు ఎక్కించాను. ఒక్కణ్ణే పడీపడీ నవ్వుకుని, సేవ్ నొక్కకుండా బయటికొచ్చేశాను. నొక్కలేదు కాబట్టి అదంతా పోయి, కోటు తాతయ్యే మిగిలి ఉంటాడని నా ధీమా. ఆ యాప్‌లో అసలు సేవ్ బటనే లేదు! మనం గీసిందల్లా అదే దాచేసుకుంటుంది. ఆ సంగతి తెలిస్తే ఈ కథే లేదు.

మర్నాడు జాబితాలో గోరంత బొమ్మ కనిపిస్తే, తెరిచి చూడకుండానే ప్రింట్ షాపుకు పంపేశాను. వాళ్లు ఫ్రేము కట్టి, కాగితం చుట్టి ఇచ్చారు.

తద్దినం నాడు పెదనాన్న అందరి ముందూ కాగితం విప్పి, మలయ్ మాటలు కలిపి గావుకేక పెట్టాడు.

"అలామక్! ఏటి లా ఇది? మా నాన్న బండెప్పుడు నడిపినాడు?"

"అది... సరదాకి చేసిన ఫైలు పోలేదు పెదనాన్నా."

"ఫైలు పోనేదు, నీ బుర్ర పోయినాది!"

మామ్మ దండ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడాదిగా ఎదురుచూసిన మనిషి. నాకు సిగ్గుతో నిజంగానే ఏడుపొచ్చింది.

"రేపే మార్పిస్తాను మామ్మా."

ఆవిడ పటం దగ్గరికెళ్లి, కళ్లు చికిలించి చూసింది.

"ఒద్దు. బండి కొంటానని ఎన్నిసార్లు అడిగినాడో! పడిపోతావని నానే కొననియ్యనేదు."

దండ వేసి, కళ్లు తుడుచుకుని, నావైపు తిరిగింది.

"నాను పోయినాక నన్ను ఎనకసీట్లో కూకోబెట్టు. కోటొద్దు. పట్టుచీర కట్టు."

పెదనాన్నకు కూడా నవ్వాగలేదు. దండ వేసుకున్న తాతయ్య సాక్షిగా నేను అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ముందు కాపీ తీసి, దానికో పేరు పెట్టి, ఆ తర్వాతే ఏ పెద్దమనిషినైనా బండెక్కిస్తాను.