ఎంబడివడ్డ ఉయ్యాల

మా దిక్కు కాన్పు గాకముందు ఉయ్యాల కొనరు. మేమూ కొనలే, నేనూ నా భార్యా ఊకె ఫోన్‌ల చూసి మురిసినం. అయిదో నెలల కడుపు పోయింది. ఆ సంగతి ఫోన్‌కు తెల్వదు. పాట పెట్టినా, వంట చూసినా ఉయ్యాల అడ్వర్టైజే వచ్చేది. ఆమె ఫోన్ ముట్టుడే బంద్ చేసింది.

మేం బతికేది సూరత్‌ల. ఒకనాడు అమ్రోలి పోయే సిటీ బస్సుల, ఉయ్యాల వచ్చినప్పుడల్లా నేను ఫోన్ బోర్లేస్తున్న. పక్క సీట్ల కూసున్న పిల్ల అది చూసింది. ఇక్కడనే పెరిగిన మన తెలుగు పిల్లే.

"అన్నా, నువ్వు ఏం చూసినవో కంపెనీలకు తెలుస్తది. నీ స్క్రీన్ మీద జాగ కోసం వేలం పాడుతరు. ఇప్పుడు బ్రౌజర్‌ల దాన్ని ఆపే సౌలత్ ఉన్నది. ఆపాల్నా?"

"ఆపు చెల్లె."

పాత గుర్తులన్నీ తుడిచేసి, సెట్టింగ్ మార్చింది. "అడ్వర్టైజ్‌లు వస్తయి గని, గివి నీ ఎంబడి పడవు" అన్నది. ఫోన్‌ను బోర్లేసి నా చేతుల పెట్టింది. ఏమైందని అడగలే. తర్వాతి స్టాప్‌ల దిగిపోయింది.

ఇంటికి పోయి ఫోన్ నా భార్యకిచ్చిన. ఆమె ఒక పాట పెట్టింది. ముందుగాల కుక్కర్ అడ్వర్టైజ్ వచ్చింది. దాన్ని ఇద్దరం ఆఖరి దాకా చూసినం.