టకెట్ గారి ఎడమా కుడీ

ఆంబ్రోజ్ టకెట్ గారికి ఎడమవైపు ఏముంటే కుడివైపూ అదే ఉండాలి. లేకపోతే ఆయనకు టీ కూడా గొంతు దిగదు.

మా వీధి పెంబ్లీ రోను కట్టినవాళ్ళే ఆయన్ని ఇలా చెడగొట్టారు. తొమ్మిది ఇళ్ళు ఒకదాన్నొకటి అంటుకుని, ఎదురుగా నిలబడి చూస్తే ఒకే రాజభవనంలా ఉంటాయి. నడిమింటికి ఇటు నాలుగు, అటు నాలుగు. రెండో ఇంటికి ఎనిమిదోది జోడీ, మూడోదానికి ఏడోది. జోడీ కుదరడం కోసం గోడమీద రంగుతో గీసిన ఉత్తుత్తి కిటికీ కూడా ఒకటుంది. టకెట్ గారు ప్రతి శనివారం దాన్ని సబ్బునీళ్ళతో తుడుస్తారు. ఆయన ఉండేది నడిమింట్లోనే. ఇంకెక్కడ ఉండగలరు పాపం!

రెండో ఇల్లు మాది. ఓ జనవరిలో కూర మాడి, పొగ పోవడానికి మేడమీది కిటికీ అద్దం పైకెత్తాను. కాసేపటికే ఆయన ఎనిమిదో ఇంటి తలుపు కొట్టారట.

"మీరూ కిటికీ ఎత్తండి."

"బయట మంచు పడుతోందండీ."

"అయితే ఏం? అక్కడ కూర మాడింది."

మా పిల్లి కిటికీలో కూర్చోవడం మొదలుపెట్టాక ఎనిమిదో ఇంటి కిటికీలో పింగాణీ పిల్లి వెలిసింది. మాది కిటికీ మారినప్పుడల్లా ఆయన దాన్ని చంకన పెట్టుకుని ఆ ఇంటి మెట్లెక్కేవారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, ఆ ఎలుక మా టకెట్ గారు.

మూడో ఇంటి డిలిస్ పార్జెటర్ గారు నాలుగడుగుల పైచిలుకు మనిషి. నోరు మాత్రం ఆరడుగులు. మొన్న చలికాలంలో గుమ్మం మెట్లమీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. మెట్లకు పట్టుకునే కమ్మీ పెట్టించకపోతే ఇల్లు వదిలి వృద్ధాశ్రమానికి పోవాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. ఈ పాత ఇళ్ళ ముఖాన మేకు కొట్టాలన్నా నగరపాలక సంస్థ అనుమతి కావాలి. వీధివాళ్ళకు అభ్యంతరం లేదంటేగానీ అది రాదు. నడిమింట్లో సమావేశమయ్యాం. టకెట్ గారు లేచారు.

"మూడో ఇంటికి కమ్మీ పెడితే నేనొప్పుకోను."

"తెలుసులేవయ్యా," అన్నారు డిలిస్ గారు. "రెండో తుంటి కూడా విరగ్గొట్టుకుని జోడీ కుదర్చమంటావా?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "అక్కర్లేదు. మూడోదానికి పెడితే ఏడోదానికీ పెట్టాలి. ఆ రెంటికే ఉంటే వరస పళ్ళూడిన నోరులా ఉంటుంది. తొమ్మిదింటికీ పెట్టాల్సిందే."

"మా ఇంట్లో అందరి కాళ్ళూ బాగున్నాయి కదండీ," అన్నాను.

"ఇవాళ్టికి."

ఏడో ఇంటాయన మొరాయించాడు. టకెట్ గారు వెళ్ళి అతని మెట్లమీదే బైఠాయించి, టీ కూడా అక్కడికే తెప్పించుకున్నారు. సాయంత్రానికి అతనూ సరేనన్నాడు. వీధంతా ఒక్కమాట మీదుండేసరికి అనుమతి వచ్చింది. తొమ్మిది గుమ్మాలకూ తొమ్మిది నల్లటి కమ్మీలు వచ్చాయి. డిలిస్ గారు తనది పట్టుకుని, ఎవరి సాయం లేకుండా, అందర్నీ తిడుతూ దిగారు. ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచివచ్చింది.

అప్పుడే చూశాను. ఆవిడ కమ్మీ మిగతావాటికన్నా జానెడు కిందికుంది. సరిగ్గా ఆవిడ చేతికందేలా. దాని జోడీ ఏడో ఇంటిది మామూలు ఎత్తే. నా నోరు ఊరుకుంటుందా?

"టకెట్ గారూ, మూడోది జానెడు తగ్గిందే?"

కర్టెను వెంట్రుకవాసి తేడా ఉంటే నిద్రపోని మనిషి అటు తేరిపార చూశారు.

"నాకేం కనబడటం లేదే. కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయాను."

అవి ఆయన ముక్కుమీదే ఉన్నాయి, ఎడమదీ కుడిదీ సమంగా.